ఉప్పుగాలి, ఇనుము, వడ్డీ: మా బావ షెడ్డు తుప్పు లెక్కల డైరీ

2021 నవంబరు 21

వానలు తెరిపిచ్చాక బావ రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్లాను. సఖినేటిపల్లి దాటి అంతర్వేది వైపు వెళ్తుంటే, వశిష్ఠ పాయలోంచి ఉప్పునీళ్లు తెచ్చే కాలువ గట్టున ఉంటుంది ఆయన షెడ్డు. అందులో జనరేటరు, మేత బస్తాలు, దాన్ని ఆనుకుని ట్యాంకు స్టాండు. ఇనుము కోసి షెడ్లు కట్టే షాపు నాది, 2018లో దీన్ని కట్టింది నేనే.

కాలువ వైపు మూడో స్తంభం అడుగున రంగు ఉబ్బి ఉంది. స్క్రూడ్రైవరు మొనతో కదిపితే అరచేతంత పెచ్చు ఊడి వచ్చింది. దాని కింద ఇంకోటి. ఆత్రేయపురం పూతరేకు మడతలు విప్పుతున్నట్టు పొర కింద పొర. లోపలంతా తడి, వేలితో నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు. గట్టి ఇనుము తగిలాక వెర్నియర్ పెట్టి చూశాను. 7.6 మి.మీ. ఉండాల్సిన ఫ్లేంజి, అంటే స్తంభం అంచు పలక, 6.1 ఉంది. మూడేళ్లకే.

"ఇది నువ్వు కట్టిన షెడ్డేరా" అన్నాడు బావ. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

నేనేమీ దాచలేదు, తక్కువ ఇనుమూ వాడలేదు. మా చుట్టుపక్కల షాపులన్నీ చేసేదే చేశాను. వైర్ బ్రష్ కొట్టి, రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, ఎనామిల్ రెండు కోట్లు. 2020 జనవరిలో మళ్లీ వేయించాడు. ఇప్పుడు మూడోసారి వేయాలి. ఈసారి లెక్క తేల్చుకునే వేయాలని నిర్ణయించుకున్నాం.

2021 డిసెంబరు 5

బావ బిల్లులన్నీ ఒక పాత మేత సంచిలో పెడతాడు. రోజంతా వాటితోనే సరిపోయింది. రంగుల బిల్లు, కూలి బిల్లు దొరికాయి. దొరకనివి ఇంకా ఉన్నాయి. రంగు వేసిన మూడు రోజులు మేత బస్తాలు వేరే చోటికి మోయించిన కూలి, గీకిన తుప్పు పొడి మేతలో పడకుండా కప్పిన టార్పాలిన్లు, జనరేటరు ఆపిన రాత్రి గుండె అరచేతిలో పెట్టుకుని కూర్చున్నది. రొయ్యల చెరువులో అర్ధరాత్రి నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందుకే రంగు పని పట్టుబడి అయ్యాక, తర్వాతి సీడు, అంటే రొయ్యపిల్లలు, వేసేలోపే చేయాలి. ఆ వ్యవధి మన చేతిలో ఉండదు.

ఏది చౌక అనే ప్రశ్నని పక్కన పెట్టి ఇంకోలా అడుగుదామనుకున్నాం. ఒక చదరపు మీటరు ఇనుముని ఒక ఏడాది కాపాడటానికి ఎంత పడుతోంది? డబ్బా ధర ఇందులో ఒక ముక్క మాత్రమే.

ముందు చదరపు మీటర్లు తెలియాలి. షెడ్డు నేల కొలత వేరు, ఇనుము ఒంటి కొలత వేరు. స్తంభాలు 150 మి.మీ. ఐ బీములు. చుట్టూ టేపు తిప్పితే, లోపలి గుంటలతో సహా, మీటరు పొడవుకి దాదాపు 0.6 చదరపు మీటరు. 14 స్తంభాలు, ఒక్కోటి 4.5 మీటర్లు, అంటే 38 చదరపు మీటర్లు. పైకప్పుని మోసే ట్రస్సులు, పర్లిన్లు, ట్యాంకు స్టాండు కలిపితే మొత్తం 210. ఇంతకాలం పెయింటరు చెప్పిన 'గంపగుత్త' ధర ఎన్ని మీటర్లకో నాకే తెలియదు.

ఇంకో మాట ఇక్కడే రాసుకోవాలి. మా వైపు వాళ్లకి తుప్పు చిన్న సంగతి కాదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ పైపు తుప్పు గురించి తర్వాత ఎన్నో నెలలు ఊరూరా మాట్లాడుకున్నాం. పైపు లోపలి తుప్పు జబ్బు వేరు, దాని మందు వేరు. కానీ ఆ రోజు తర్వాత 'కాస్త తుప్పేలే' అన్న మాట నా నోట రాకూడదనుకున్నాను. 2018లో ఈ షెడ్డు దగ్గరే వచ్చింది.

2022 జనవరి 9

ఈ గాలి ఇనుముని ఎంత తింటుందో, ఏ పూత ఎంత కాస్తుందో కొలవడానికి షెడ్డు పైకప్పు పక్కన, కాలువకి ఎదురుగా ర్యాకు కట్టాం. 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 పొడవు, 3 మి.మీ. మందం ఇనప ప్లేట్లు. పింగాణీ ఇన్సులేటర్ల మీద, సముద్రం వైపు వాలుగా బిగించాం. ప్లేటు ఇనప ర్యాకుని నేరుగా తాకితే కొలత చెడిపోతుంది.

ఐదు రకాలు. ఏ రంగూ లేని ఉత్తి ఇనుము. రెడ్ ఆక్సైడ్, ఎనామిల్. గ్రైండరుతో గీకి వేసే ఎపాక్సీ మాస్టిక్ అనే మందపు రంగు రెండు కోట్లు. బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు పొడి కొట్టి తుప్పు వదిలించడం) చేసి జింక్ ఎపాక్సీ, దాని మీద ఎంఐఓ (పొలుసుల్లాంటి ఇనుప ఆక్సైడ్ కలిపిన) ఎపాక్సీ, పైన పీయూ (పాలీయూరెథేన్), మొత్తం 270 మైక్రాన్లు. వెయ్యి మైక్రాన్లు ఒక మి.మీ. ఐదోది గాల్వనైజింగ్, అంటే 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచి తీసినది. రంగు వేసిన ప్లేట్లన్నిటి మీదా, గాల్వనైజ్ చేసిన వాటి మీదా ఇనుము కనబడేలా బ్లేడుతో ఇంటూ గుర్తు గీశాం. రోజువారీ పనిలో గీత పడకుండా ఏ షెడ్డూ ఉండదు కదా, గీత పడిన చోట ఏ పూత ఎంత నిలబడుతుందో చూడాలి.

ఉత్తి ఇనుప ప్లేట్లని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి నరసాపురం తీసుకెళ్లి, తెలిసిన బంగారం కొట్లో తూయించాం. మొదటిది 353.4 గ్రాములు. ఇనప ముక్కని అంత జాగ్రత్తగా తూచడం ఇదే మొదటిసారి అన్నాడాయన.

2022 ఫిబ్రవరి 19

అంతర్వేది తీర్థం అయ్యేదాకా ఆ రోడ్డులో లారీ తేవడం కుదరదని ఆగాం. తీర్థం అయింది, బ్లాస్టింగ్ వాళ్లు వచ్చారు. కంప్రెసర్, గొట్టం, కుండ, అన్నీ బాగున్నాయి. లారీలో ఉన్నది మాత్రం ఇసుక.

కొటేషన్‌లో కాపర్ స్లాగ్, అంటే రాగి కరిగించగా మిగిలే చిట్టెం, అని రాశారు. అడిగితే "ఇసుకైతే మీకు రేటు తగ్గుద్దండి, అందరూ ఇదే కొట్టించుకుంటారు" అన్నాడు కుర్రాడు. వాడి మూతికి కట్టుకున్నది తువ్వాలు. ఇసుక పగిలితే లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి గట్టిపడిపోతుంది, సిలికోసిస్ అంటారు, అది వస్తే నయం కాదు. ఆ కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయి. పని ఆపేసి లారీ వెనక్కి పంపాను. కాంట్రాక్టరు ఫోన్లో చాలా మాటలన్నాడు. స్లాగ్ తెచ్చి, గాలి అందే హెల్మెట్ తెచ్చాకే మొదలుపెట్టమన్నాను. ఎనిమిది రోజులు పోయాయి. చదరపు మీటరుకి 70 రూపాయలు పెరిగింది. ఈ 70ని తగ్గించుకోవాల్సిన ఖర్చుగా నేను లెక్కలో చూపించను.

2022 మార్చి 6

ఈ రోజు పని ఎవరి కంటికీ కనబడదు, కానీ మొత్తం ప్రాజెక్టులో ఇదే ముఖ్యమని నా నమ్మకం.

ఇనుము మీద ఉప్పు ఉండగా రంగు వేస్తే, ఆ రంగు ఎంత ఖరీదైనదైనా కింద ఉప్పు తేమని లాగుతుంది. నీళ్లు రంగు పొరలోంచి మెల్లగా లోపలికి దిగి బొబ్బ కడతాయి. 2020లో వేసిన రంగు అలాగే పోయింది. గీకారు కానీ కడగలేదు. బ్లాస్టింగ్ చేసినా గుంటల అడుగున ఉప్పు ఉండిపోతుంది. అందుకే ముందు కడగడం, తర్వాత బ్లాస్టింగ్, మళ్లీ పరీక్ష.

కొలవడానికి పెద్ద కిట్టు లేదు. చెరువు నీళ్లలో ఉప్పు చూసే ఈసీ మీటరు (నీళ్లు కరెంటుని ఎంత పోనిస్తాయో చెప్పేది) ఉంది, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరు ఉంది. స్తంభం మీద 10 సెంటీమీటర్ల చదరం టేపుతో గుర్తు పెట్టి, 50 మిల్లీలీటర్ల నీళ్లలో ముంచిన దూదితో బాగా తుడిచి, ఆ దూదిని అదే నీళ్లలో పిండి మీటరు పెట్టాం. 92 మైక్రోసీమెన్లు పెరిగింది. ఈ కొలతకి రెండున్నరతో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పో వస్తుంది: 230. ఓడల బాలాస్ట్ (బరువు కోసం సముద్రపు నీళ్లు నింపే) ట్యాంకులకి అంతర్జాతీయ నియమం 50 దాటకూడదంటుంది. మా స్తంభానికి అది నాలుగున్నర రెట్లు.

కడగాలంటే మంచినీళ్లు కావాలి. మా దగ్గర బోరు వేస్తే ఉప్పే. ధవళేశ్వరం నుంచి వచ్చే పంటకాలువ నీళ్లే దిక్కు, వేసవి వస్తే కాలువలు కట్టేస్తారు. అందుకే మార్చి దాటనివ్వకూడదని తొందరపడింది. ట్రాక్టరు ట్యాంకరుతో కాలువ నీళ్లు తెచ్చి, ప్రెషర్ వాషర్‌తో రెండు రోజులు కడిగించాం. రెండోసారి దూది పరీక్షలో 14 పెరిగింది. అంటే 35. ఆ అంకె చూశాక రాత్రి నిద్ర పట్టింది.

2022 మార్చి 14

మేస్త్రీ పొద్దున్న ఆరున్నరకే బ్రష్‌లు పట్టుకుని దిగాడు. "ఆయ్, చల్లగా ఉన్నప్పుడు కొట్టేస్తే పనైపోద్దండి" అన్నాడు. స్తంభం మీద చెయ్యి పెట్టమన్నాను. తడిగా లేదన్నాడు. నిజమే, కంటికి తెలియదు. గాలి 25 డిగ్రీలు, తేమ 90 శాతం. వందలోంచి తేమ తీసేసి ఐదుతో భాగిస్తే 2, గాలి వేడిలోంచి అది తీసేస్తే 23. అది మంచు పట్టే వేడి. ఇనుము 24 ఉంది. కనీసం మూడు డిగ్రీల తేడా ఉండాలి. కాబట్టి టీ తాగి కూర్చున్నాం. పదింటికి గాలి 31, తేమ 68, ఇనుము 33. అప్పుడు మొదలెట్టాం.

బ్లాస్టింగ్ కూడా అప్పుడే. ఎస్‌ఏ 2½ అనే శుభ్రత స్థాయి దాకా తెల్లగా చేసిన ఇనుముని ఈ గాలిలో సాయంత్రం దాకా వదిలితే ఎర్రబడుతుంది. నాలుగు గంటల్లో జింక్ ప్రైమరు పడాల్సిందే. రెండేసి స్తంభాల చొప్పున బ్లాస్టింగ్, వెంటనే ప్రైమరు. మేస్త్రీకి ఈ పద్ధతి నచ్చలేదు, పని ముక్కలైపోతోందన్నాడు. అయినా చేశాడు.

ఆయన్ని ఒప్పించడానికి ఎక్కువ కష్టపడింది అంచుల దగ్గర. రంగు ఆరేటప్పుడు పదును అంచు మీంచి జారిపోయి అక్కడ పల్చబడుతుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే. అంచులు గ్రైండరుతో గుండ్రంగా చేసి, స్ప్రే కొట్టే ముందు ప్రతి అంచుకీ, వెల్డుకీ, బోల్టు తలకీ బ్రష్‌తో ఒక చారిక వేయాలి. 80 చదరపు మీటర్లలో అది ఒక రోజు పని. మొదట విసుక్కున్నాడు. రెండో రోజు నుంచి బోల్టుల వెనక వైపు కూడా అద్దం పెట్టి చూసి వేశాడు, నేను చెప్పకుండానే.

2022 మార్చి 17

ఆరు లీటర్లు పోయాయి. ఎంఐఓ ఎపాక్సీ మొత్తం కిట్టు ఒకేసారి కలిపేశారు. డబ్బా మీద 25 డిగ్రీలకి మూడు గంటలని ఉంది. మధ్యాహ్నం మా దగ్గర 36. వేడి పది డిగ్రీలు పెరిగితే సమయం సగమవుతుంది. గంటన్నరకి తేనెలా సాగింది, కాసేపటికి డబ్బాలోనే రాయైపోయింది. థిన్నరు పోసి కదపబోతే వద్దన్నాను. 2,100 రూపాయలు. రేపటి నుంచి సగం సగం కలుపుతాం. నేను దగ్గరుండి చెప్పి ఉండాల్సింది.

2022 ఏప్రిల్ 3

పని పూర్తయింది. కాలువ వైపు స్తంభాలు, ట్యాంకు స్టాండు కలిపి 80 చదరపు మీటర్లకి బ్లాస్టింగ్, మూడు కోట్లు. ట్రస్సులు, పర్లిన్లు 90 మీటర్లకి గ్రైండరు, మాస్టిక్. వెనక వరస 40 మీటర్లకి పాత పద్ధతే, పోల్చుకోవడానికి. పంపు దగ్గరికి కొత్తగా కట్టిన నడకదారి 640 కిలోలు, దాదాపు 33 మీటర్లు. దాన్ని విశాఖపట్నం పంపి గాల్వనైజ్ చేయించాం. కొబ్బరికాయల లారీలో చోటు దొరకబట్టి రానూపోనూ 3,000తో పోయింది, కిలోకి 18 చొప్పున 11,520. మీటరుకి 440.

బ్లాస్టింగ్ భాగానికి మీటరుకి 780 పడింది. దాన్ని విడగొడితే బ్లాస్టింగ్ 320, రంగులు 250, కూలి, పరంజా 150, కడగడం, పరీక్షలు, వృథా 60. వెనక వరసకి 170, అందులో రంగు 60. మాస్టిక్‌కి 380.

రెండు చోట్లా డబ్బాలోది మూడో వంతే. మిగతాదంతా మనిషి చెయ్యి, నీళ్లు, గాలి గొట్టం. చౌక రంగు కొని మిగిల్చేది ఆ మూడో వంతులోంచే. రంగు పోయినప్పుడు మాత్రం దాంతోపాటు ఆ మూడు వంతులూ పోతాయి. ఇన్నేళ్లూ కొట్లో డబ్బా ధర దగ్గర బేరమాడిన నాకు ఇది ముందే తట్టకపోవడం బాధగా ఉంది.

2022 నవంబరు 27

ఎనిమిది నెలలు. వెనక వరసలో అంచుల వెంబడి ఎర్రటి చార దిగుతోంది. ముందు వరస శుభ్రంగా ఉంది.

2023 జనవరి 15

పండగ సెలవుల్లో మొదటి ప్లేటు దించాం. తుప్పు కరిగించడానికి హైడ్రోక్లోరిక్ ఆసిడ్, అది ఇనుముని తినకుండా అందులో హెక్సమైన్. పక్కన మంచి ఇనుప ముక్క కూడా వేసి అది ఎంత తగ్గిందో చూశాం, 0.2 గ్రాము. ఆసిడ్ పని పెరట్లో, చేతి తొడుగులతో. అక్క ఆ సాయంత్రమంతా పిల్లల్ని అటు రానివ్వలేదు.

మళ్లీ పంటు, మళ్లీ నరసాపురం, అదే కొట్టు. 353.4 ఉన్నది 323.1. ఆసిడ్ వాటా తీసేస్తే 30.1 గ్రాములు గాలిలో కలిసింది. ప్లేటు ఒంటి వైశాల్యం అంచులతో కలిపి 315 చదరపు సెంటీమీటర్లు, ఇనుము సాంద్రత 7.85. భాగిస్తే ఒక్కో వైపు 122 మైక్రాన్లు.

గాలి ఇనుముని తినే తీవ్రతని వర్గాలుగా చెప్పే ఐఎస్ఓ 9223 ప్రమాణం ప్రకారం ఏడాదికి 80 నుంచి 200 మైక్రాన్లు పోయే చోటు సీ5. 50 నుంచి 80 అయితే సీ4, 25 నుంచి 50 అయితే సీ3. అంటే నేను ఇంతకాలం సీ5 గాలిలో నిలబడాల్సిన షెడ్డుకి ఊరి మధ్య ఇంటి గేటుకి వేసే రంగు వేస్తూ వచ్చాను.

గీతల దగ్గర చూస్తే, ఎనామిల్ కింద తుప్పు గీతకి అటూ ఇటూ 12 మి.మీ. పాకింది. మాస్టిక్ 5. జింక్ ఎపాక్సీ 1. గాల్వనైజ్ ప్లేటు మీద గీతలో తెల్లటి బూడిద పేరుకుంది, ఎరుపు లేదు. జింకు తను కరిగిపోతూ పక్కనున్న ఇనుముని కాస్తుంది. పుస్తకంలో చదివినదే. కానీ ఆ తెల్లటి గీత వేలితో తడిమినప్పుడు కలిగిన సంతోషం వేరు. కాకినాడ స్నేహితుడు ఇచ్చిన మైక్రాన్ గేజీతో ఇరవై చోట్ల కొలిచాం. జింకు మందం సగటున 91 మైక్రాన్ల నుంచి 86కి దిగింది. ఏడాదికి 5. సీ5కి చెప్పే 4.2 నుంచి 8.4 మధ్యలోనే ఉంది.

2023 డిసెంబరు 10

మిచౌంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు గాలివానే వచ్చింది, కోతకొచ్చిన వరి చాలామందికి నేలకొరిగింది. షెడ్డు రేకులు నిలిచాయి. ర్యాకు మీద మూడు బోల్టులు వదులయ్యాయి, బిగించాం. వాన వెలిశాక దూది పరీక్ష చేస్తే స్తంభం ఎగువన ఉప్పు తక్కువ, వాన తగలని చూరు కిందా, బేస్ ప్లేటు మీదా ఎక్కువ. వాన కడగని చోటే మనం కడగాలన్నమాట.

2024 మార్చి 24

వెనక వరస మళ్లీ గీకించాల్సి వచ్చింది. సరిగ్గా రెండేళ్లు. ఈసారి మీటరుకి 210, గీకుడు ఎక్కువ కాబట్టి. దీంతో ఇరవై ఏళ్ల లెక్క వేయడానికి కావాల్సినవి చేతికొచ్చాయి.

పాత పద్ధతి: మొదట 170, రెండేళ్లకోసారి 210 చొప్పున తొమ్మిదిసార్లు. మొత్తం 2,060. బ్లాస్టింగ్, మూడు కోట్లు: 780, ఎనిమిదో ఏట అతుకులకి 120, పద్నాలుగో ఏట పైకోటుకి 380. మొత్తం 1,280. ఈ ఎనిమిదీ పద్నాలుగూ మా కంటితో చూసినవి కావు. ఇనుము మీద రంగుల గురించిన ఐఎస్ఓ 12944 ప్రమాణంలో 'అధిక' మన్నిక అంటే 15 నుంచి 25 ఏళ్లు. అది హామీ కాదని ఆ ప్రమాణమే చెబుతుంది, అందుకే కాస్త ముందుకి జరిపాను. మాస్టిక్: 380, నాలుగేళ్లకోసారి 280, మొత్తం 1,500. గాల్వనైజింగ్: 440, పన్నెండో ఏట, ఇంకా 30 మైక్రాన్ల జింకు ఉండగానే, పైన రంగుకి 350. మొత్తం 790.

ఇంత తేడా చూపిస్తే బావ ఒప్పుకుంటాడనుకున్నాను. ఆయన కాగితం చూసి ఒకటే అడిగాడు. "మొదట పెట్టే 780కి వడ్డీ ఎవడు కడతాడు?"

న్యాయమైన ప్రశ్న. ఆ రాత్రి మళ్లీ కూర్చున్నాను. బ్యాంకు అప్పు 10 శాతం అనుకుని రాబోయే ఖర్చులన్నీ ఇవాళ్టి రూపాయల్లోకి తెచ్చాను. పాత పద్ధతి 990, మాస్టిక్ 852, బ్లాస్టింగ్ 936, గాల్వనైజింగ్ 552. తేడాలు బాగా దగ్గరపడ్డాయి. తర్వాత మా వైపు చెరువుల మీద తిరిగే అసలు వడ్డీ వేశాను. నూటికి నెలకి రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. పాత పద్ధతి 553, బ్లాస్టింగ్ 820. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి బతికేవాడికి బ్లాస్టింగ్ కన్నా ఎనామిలే చౌక. వాడు తెలివితక్కువవాడు కాదు, లెక్క తెలిసినవాడే. ఇన్నేళ్లూ నా షాపుకి వచ్చి "తక్కువలో చూడండి" అన్నవాళ్లందరి గురించీ నేను తప్పుగా అనుకున్నాను.

అయితే ఆ లెక్కలో ఒకటి తగ్గింది. పెయింటరు కూలి అక్కడే ఆగదు. ఏడాదికి 6 శాతం పెరుగుతుందనుకుని, బ్యాంకు వడ్డీతో మళ్లీ వేస్తే పాత పద్ధతి దాదాపు 1,500, మాస్టిక్ 1,164, బ్లాస్టింగ్ 1,095, గాల్వనైజింగ్ 664. బస్తాలు మోయించింది, జనరేటరు ఆపింది ఇంకా ఇందులో లేవు. తొమ్మిదిసార్లు ఆపాలా, రెండుసార్లా అన్నది బావకి రూపాయలకన్నా పెద్ద విషయం.

ఈ రెండు వడ్డీల్లో ఏది పెట్టినా గాల్వనైజింగే ముందుంది. కానీ నిలబెట్టిన షెడ్డుని విప్పి విశాఖ పంపలేం. ఇనుము కొత్తదై ఉండాలి, తొట్టిలో పట్టాలి, వెల్డింగులన్నీ ముందే అయిపోవాలి. ఆ తర్వాత సైటులో ఒక్క వెల్డు పెట్టినా అక్కడ జింకు కాలిపోతుంది. అంటే నిర్ణయం రంగు కొట్టు దగ్గర తీసుకునేది కాదు, నా షాపులో ఇనుము కోయకముందే తీసుకోవాలి.

2025 జనవరి 19

మూడో ఏటి ప్లేటు. 71.7 గ్రాములు పోయింది, 290 మైక్రాన్లు. మొదటి ఏడాదంత వేగం లేదు, కానీ ఆగలేదు. ముందు వరసలో నాలుగు బోల్టుల దగ్గర, రెండు వెల్డుల దగ్గర చుక్కలంత తుప్పు. ఫొటోలు తీసి చూస్తే ఆ నాలుగు బోల్టులూ బ్రష్ చారిక మొదలుపెట్టిన మొదటి రోజువి, మేస్త్రీకి ఇంకా నమ్మకం కుదరనప్పటివి. గీకి, కడిగి, అతుకు వేశాం. గంటన్నర పని. బేస్ ప్లేట్ల చుట్టూ నీళ్లు నిలవకుండా సిమెంటు వాలు కట్టించాం. అది 2018లోనే చేసి ఉండాల్సింది, ఖర్చు రెండు బస్తాలు.

2025 ఫిబ్రవరి 16

బావ రెండో చెరువుల దగ్గర కొత్త షెడ్డు కట్టిస్తున్నాడు. సహకార బ్యాంకులో అప్పు దొరికింది, రెండు రూపాయల వడ్డీ కాదు. డ్రాయింగులో ముక్కలన్నీ తొట్టికి సరిపడేలా ఆరు మీటర్లకి కుదించాను. సైటులో వెల్డు లేదు, అన్నీ బోల్టు జాయింట్లే. ట్రస్సులు గొట్టాలతో కట్టాం కాబట్టి ప్రతి గొట్టానికీ రెండు చివర్లా చిల్లులు వేయించాను. చిల్లు లేని గొట్టాన్ని కరిగిన జింకులో ముంచితే లోపలి గాలి, తడి వేడెక్కి గొట్టం పేలుతుంది, పక్కన మనుషులుంటారు. మొన్న రాత్రి టార్చి పట్టుకుని 46 గొట్టాలూ నేనే చూశాను. ఒకదానికి చిల్లు లేదు. వేయించాను.

లారీ మంగళవారం బయలుదేరుతుంది. బోల్టులు, వాషర్లు కూడా గాల్వనైజ్ చేసినవే తెమ్మని బావకి రాసిచ్చాను. పంటకాలువలు పారుతున్నంత కాలం నెలకోసారి పాత షెడ్డు చూరు కింద కడగడానికి ఒక కుర్రాడిని పెట్టాడు. ర్యాకు మీద ఉత్తి ఇనుప ప్లేటు ఇంకొకటే ఉంది. దాన్ని 2027 జనవరిలో దించుతాం.